చీపురు గింజలు

మద్రాసు,
4 నవంబరు 1965.

అక్క వెంకటశేషమ్మకు తమ్ముడు మాల్యాద్రి నమస్కారాలు.

నేను బాగున్నాను. ఈ జాబు నిలబడి చదవద్దు, కూర్చొని చదువు. అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

దీపావళికి మా బట్టల మిల్లులో బోనస్ ఇచ్చారు. అది ఏటేటా ఉన్నదే. ఆ సాయంత్రం మా యూనియన్ ఆయన చెప్పిన మాటకే నాకు ఇంకా తల తిరుగుతోంది. ఈ ఏడు కొత్త చట్టం వచ్చిందట. బోనస్ అనేది ఇక మాలాంటి పెద్ద మిల్లుల వాళ్ళకు మాత్రమే కాదట. ఇంజను పెట్టి పదిమంది చేత పని చేయించే ప్రతి చోటా ఇచ్చి తీరాలట. నేను నవ్వులాటకు, మా విడవలూరు వడ్ల మిల్లులో మా అమ్మా అక్కా రోజు కూలికి చేస్తున్నారు, వాళ్ళకు కూడా ఇస్తారా అని అడిగాను. ఆయన నవ్వలేదు. "ఎందుకివ్వరు? చట్టంలో కూలీ అన్నా మనిషే" అన్నాడు.

తిప్పి తిప్పి అడిగాను. ఏడాదిలో ముప్పై రోజులు పని చేసి ఉంటే చాలట. షావుకారుకు లాభం వచ్చినా, నష్టం వచ్చినా దానితో మనకు నిమిత్తం లేదట. ఏడాది కూలి మీద నూటికి నాలుగు, లేదంటే నలభై రూపాయలు, ఏది ఎక్కువైతే అది. మీకొచ్చే కూలికి నూటికి నాలుగు కడితే ఏమీ రాదు గనుక మీకు తలా నలభై రావాలి. లెక్కలు మూసిన ఎనిమిది నెలల్లో చేతికివ్వాలి. మన షావుకారు మార్చిలో లెక్కలు మూస్తాడని నువ్వే ఒకసారి రాశావు. అంటే ఈ నెలాఖరే గడువు.

అక్కా, ఇన్నేళ్ళూ నేను కూడా దీన్ని షావుకార్ల మంచితనం అనుకున్నాను. మంచితనమూ కాదు, మన్నూ కాదు. ఏడాది పొడుగునా మీరు చేసిన పనికి ఆఖరున ఇవ్వాల్సి మిగిలిపోయిన కూలి ఇది. దయగా పెట్టేది కాదు. ఈ ఒక్క ముక్క అమ్మకు అర్థమయ్యేలా రెండుసార్లు చదివి వినిపించు.

నీ తమ్ముడు,
మాల్యాద్రి


విడవలూరు,
12 నవంబరు 1965.

తమ్ముడు మాల్యాద్రికి అక్క దీవించి రాసేది.

నీకు మద్రాసు నీళ్ళు పడక మతి చలించిందేమో అనుకున్నాను. పొయ్యి మీద ఎసరు పెట్టి నీ జాబు విప్పాను. చదవడం అయ్యేసరికి ఎసరు ఇంకిపోయి చట్టి మాడింది. మీ బావ తుపాను రోజులని సముద్రం మీద చేపల వేటకు పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన చేత కూడా చదివించాను, నా కళ్ళే మోసం చేశాయేమోనని. అదే రాసి ఉంది.

అమ్మకు వినిపిస్తే ఏమన్నదో తెలుసా? "బోనేందే? ఎలకల బోనా?" అన్నది. నాకు నవ్వాగలేదు. తర్వాత నువ్వు చెప్పినట్టే ఆ చివరి ముక్క రెండుసార్లు చదివాను. గోడకు ఆనుకొని కూర్చుని విన్నది. పడుకోబోయే ముందు మళ్ళీ చదవమన్నది.

మాకు నలభై రూపాయలు రావడమేమిటిరా? మొన్న దీపావళికి షావుకారు పద్మనాభయ్య గారు ఆడవాళ్ళకు తలా ఒక రవికె గుడ్డ, రెండు రూపాయలు పెట్టాడు. ఆ గుడ్డ రెండు ఉతుకులకే జల్లెడ అయింది. అయినా మిల్లులో ఎవ్వరికీ ఆయన మీద కోపం లేదు, చీపురు గింజలు ఉన్నాయి గనుక. నువ్వు చిన్నప్పుడే వెళ్ళిపోయావు, మరిచిపోయి ఉంటావు. సాయంత్రం ఇంజను ఆపాక అమ్మ మిల్లు నేలంతా ఊడుస్తుంది. తవుడూ దుమ్మూ కలిసిన ఆ ఆఖరి ఊడుపులో నాలుగు నూకలు, నాలుగు వడ్లు ఉంటాయి. అవి మా ఆడవాళ్ళవి. పెద్ద షావుకారు నాటి నుంచీ అంతే. తీసుకోమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. అమ్మ పెద్దది గనుక అందరి ఒళ్ళోకీ తనే పంచుతుంది. ఈ ఏడు డబ్బిచ్చినా బియ్యం దొరకడం లేదు. మా పిల్లల రాత్రి గంజి ఆ చీపురు గింజలతోనే గడుస్తోంది.

అట్లాంటి మనిషిని పోయి ఇంకా ఇమ్మని ఏ మొహం పెట్టుకొని అడగమంటావు? అయినా నీ మాట పురుగులా తొలుస్తోంది. మాతో మిల్లులో చేసే మాలకొండమ్మకు చెప్పాను. దాని నోట్లో నువ్వు గింజ నానదు గదా, పొద్దుగూకేసరికి మా పద్నాలుగు మందికీ తెలిసింది. ఇప్పుడు అందరూ నా మొహమే చూస్తున్నారు.

మీ అక్క,
వెంకటశేషమ్మ


మద్రాసు,
18 నవంబరు 1965.

అక్కకు,

మొహం పెట్టుకొని అడుగు. నీకున్న మొహం చాలు. పెళ్ళిలో మీ మామగారినే నోరు మూయించిన దానివి.

ఒక్కదానివే పోవద్దు, అందరూ కలిసి పొండి. గొడవ పడకండి. ఎప్పుడిస్తారు అని మాత్రం అడగండి. ఇస్తారా అని అడగొద్దు.

మాల్యాద్రి


విడవలూరు,
27 నవంబరు 1965.

తమ్ముడికి,

అడిగాము. ఏం జరిగిందో చెబితే నువ్వు నమ్మవు.

షావుకారు గదిలో కూర్చొని గుమాస్తా గంగాధరంతో ఏదో మాట్లాడుతున్నాడు. మేము పద్నాలుగు మందిమీ గుమ్మం దగ్గర నిలబడ్డాము. అంతవరకు ఎగిరిన మాలకొండమ్మ నా వెనక దాక్కుంది. గుమ్మం పట్టుకొని, అయ్యా, మా బోనస్ ఎప్పుడిస్తారు అని అడిగేశాను. గంగాధరం చేతిలో కలం కింద పడింది.

షావుకారు తిడతాడనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకొని, నవ్వాడు. "చట్టం ఉంటే ఇయ్యక ఏం చేస్తానమ్మా" అన్నాడు. అమ్మా అన్నాడురా నన్ను. ఈ పదేళ్ళలో మేయ్ అని తప్ప పిలిచిన మనిషి కాదు. పైగా మా అందరికీ అంగట్లోంచి టీ తెప్పించాడు. గ్లాసులు పట్టుకొని మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. టీ తాగాలో వద్దో కూడా తెలియలేదు.

ఈ సంగతి ఎవరు చెప్పారని అడిగాడు. మా తమ్ముడు మద్రాసులో ఉన్నాడు, వాడే రాశాడు అని గొప్పగా చెప్పాను. మీ తమ్ముడు చట్టం మొత్తం చదివినాడా అన్నాడు. మా వాడు ఏది చదివినా ఆ చివరిదాకా చదవనిదే వదలడండి అన్నాను. ఆయన తల ఆడించాడు. పది రోజులు ఓపిక పట్టమన్నాడు.

ఇంటికొచ్చి నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అమ్మ మాత్రం టీ తాగలేదు. గ్లాసు అట్లాగే అరుగు మీద పెట్టి వచ్చింది. ఎందుకే అంటే, "ఊరికే ఎందుకు పోస్తాడు" అన్నది. ఆమెకు అన్నీ అనుమానాలే.

వెంకటశేషమ్మ


విడవలూరు,
5 డిసెంబరు 1965.

మాల్యాద్రీ,

నీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను.

మేము దొంగలమటరా.

మొన్న సాయంత్రం మామూలుగా ఇంజను ఆగింది. అమ్మ ఊడ్చింది, పంచింది. ఒడి కట్టుకొని గేటు దాకా వచ్చేసరికి గేటు మూసి ఉంది. షావుకారు, గంగాధరం, ఊరి పెద్దలు ఇద్దరు కుర్చీలేసుకొని కూర్చున్నారు. ఒడులు విప్పమన్నారు. మేము ఎందుకని కూడా అడగలేదు, ఏదో పోయింది కాబోలు, వెతుక్కుంటున్నారనుకున్నాము. విప్పాము. దుమ్మూ తవుడూ నూకలూ నేల మీద పడ్డాయి. షావుకారు ఆ పెద్దల వైపు తిరిగి, చూసినారా, మిల్లు సరుకు దాచుకొని పోతున్నారు అన్నాడు.

మాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదురా. మాలకొండమ్మ నవ్వింది కూడా, పరాచికం అనుకొని. ఆ తర్వాత గంగాధరం తల ఎత్తకుండా ఒక కాగితం చదివాడు. దొంగతనం చేసినందుకు పద్నాలుగు మందినీ పనిలోంచి తీసేశారు, దొంగతనం కింద పని పోయినవాళ్ళకు బోనస్ రాదు, అది కూడా ఆ చట్టంలోనే ఉంది అని. షావుకారు నా వైపు చూసి, మీ తమ్ముడు ఈ ముక్క చదవలేదా అని అడిగాడు. మెత్తగానే అడిగాడు.

తప్పయింది, క్షమించండి అని రాసిన కాగితం మీద వేలిముద్ర వేస్తే మళ్ళీ పనిలోకి తీసుకుంటాడట. బోనస్ మాట మాత్రం ఎత్తకూడదట. నలుగురు వేస్తామని కూర్చున్నారు, వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలగడం లేదు. నేను కాళ్ళావేళ్ళా పడి ఆపాను. ఎన్నాళ్ళు ఆపగలను?

ఒడి విప్పమన్నప్పుడు అమ్మే అందరికన్నా ముందు విప్పింది. అప్పటి నుంచీ నీ జాబు ఒక్కటే మళ్ళీ చదవమంటుంది. నాకు చదవబుద్ధి కావడం లేదు. అసలు నువ్వు ఆ చట్టం చివరిదాకా చదివావా, లేదా?

వెంకటశేషమ్మ


మద్రాసు,
10 డిసెంబరు 1965.

అక్కా,

చదవలేదు.

యూనియన్ ఆయన చెప్పింది విని రాశాను. నీ జాబు చూశాక ఆయన దగ్గరకు పరుగెత్తాను. పుస్తకం తెరిచి చూపించాడు. షావుకారు చెప్పింది నిజమే. దొంగతనం చేసి పని పోగొట్టుకున్నవాళ్ళకు బోనస్ రాదని అందులో ఉంది. మంచికోసం చేసిన చట్టంలోకి చెయ్యి పెట్టి, ఆ మనిషి మన మెడకు తాడు పట్టుకొచ్చాడు. మా అమ్మను దొంగ అన్నారు, దానికి దారి చూపించింది నేను.

అయితే ఒక మాట విను. ఎవ్వరూ వేలిముద్ర వేయవద్దు. వేస్తే దొంగలమని మీరే ఒప్పుకున్నట్టు. షావుకారు అన్నంత మాత్రాన దొంగతనం కాదు, తగాదా వస్తే నెల్లూరులో లేబరు ఆఫీసరు ఇద్దరినీ పిలిచి వింటాడట. అర్జీ యూనియన్ ఆయన చేత రాయించి దీనితో పంపుతున్నాను. దాని మీద మాత్రం అందరి చేతా వేలిముద్రలు వేయించి పంపు. నా బోనస్‌లో మిగిలింది మనియార్డరు చేశాను. పొయ్యి వెలగని నాలుగు ఇళ్ళకూ ముందు ఇవ్వు.

అమ్మను నా మీద కోపగించుకోవద్దని చెప్పు.

మాల్యాద్రి


విడవలూరు,
20 ఫిబ్రవరి 1966.

తమ్ముడు మాల్యాద్రికి,

గెలిచామురా. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తాను.

పోయిన వారం నెల్లూరు ఆఫీసుకు రమ్మన్నారు. పద్నాలుగు మందిమీ పొద్దున్నే బస్సెక్కాము. అమ్మ కొంగులో చద్ది మూట కట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కేసరికి మాలకొండమ్మకు వాంతులు. ఆఫీసరు చిన్నవాడే, నీకన్నా రెండేళ్ళు పెద్ద ఉంటాడేమో. షావుకారు ప్లీడరును వెంట తెచ్చుకున్నాడు.

ప్లీడరు లేచి, వీళ్ళు దొంగలు, పట్టుకున్న సాక్షులు ఉన్నారు అన్నాడు. ఈ గింజలు ఎప్పటి నుంచి తీసుకుపోతున్నారు అని ఆఫీసరు అడిగాడు. ప్లీడరు నోరు తెరిచేలోపలే గంగాధరం, పెద్దాయన కాలం నుంచీ, ముప్పై ఏళ్ళుగా అండి అనేశాడు. ముప్పై ఏళ్ళ దొంగతనం బోనస్ అడిగిన వారానికే కనబడిందా అన్నాడు ఆఫీసరు. ప్లీడరు తడబడలేదు, వెంటనే ఇంకో దారి పట్టాడు. అయ్యా, అసలు సంగతి ఏమిటంటే, షావుకారు దయతలచి రోజూ ఇస్తున్న గింజలవి, ఆనవాయితీగా ఇచ్చే బోనస్‌ను కొత్త బోనస్‌లోంచి తగ్గించుకోవచ్చని చట్టంలోనే ఉంది, ఏడాది గింజలకు వెల కడితే నలభైకి పైనే అవుతుంది, కాబట్టి వీళ్ళకు ఇవ్వాల్సిందేమీ లేదు అన్నాడు. నేను నోరెళ్ళబెట్టి వింటున్నాను. ఒకే గింజలు, ఒకే మనిషి నోట. ఒకసారి దొంగ సొత్తు, ఒకసారి బహుమానం.

అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, లేచి నిలబడ్డాను. "అయ్యా, మేము దొంగిలించినామా, ఆయన ఇచ్చినాడా? ఏదో ఒకటి చెప్పమనండి" అన్నాను. ఆఫీసరు కలం పక్కన పెట్టి షావుకారు వైపు చూశాడు. ప్లీడరు ఆయన చెవిలో ఏదో ఊదాడు. "ఇచ్చినానండి" అన్నాడు షావుకారు. ఇచ్చినవైతే దొంగతనం లేదు, దొంగతనం లేకపోతే పని పోదు, బోనస్ పోదు, ఊడ్చిన దుమ్ముకు వెల కట్టి బోనస్ కింద చూపిస్తే నేను ఒప్పుకోను, డబ్బే ఇవ్వాలి అని ఆఫీసరు తేల్చేశాడు. రాసుకోవడానికి మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి, షావుకారు ఇచ్చినవేనా అని అడిగాడు. మేము ఇచ్చినాడండి అని చెప్పాము.

మళ్ళీ పనిలోకి వెళ్ళాము. నలభై రూపాయలూ చేతికొచ్చాయి. చీపురు గింజలు మాత్రం ఇక లేవు, ఊడ్చినదంతా బస్తాలో పోసి మూతి కట్టి పెట్టమన్నాడు షావుకారు. ఆ గంజి లోటు లోటే. కానీ దొంగలనే మాట పోయింది. మీ బావ బాగున్నాడు, వలకు కొత్త తాడు కొన్నాడు. నీ జాబు కోసం చూస్తుంటాను.

మీ అక్క,
వెంకటశేషమ్మ


మద్రాసు,
27 ఫిబ్రవరి 1966.

అక్కకు,

నీ జాబు మా బసలో అందరికీ చదివి వినిపించాను. షావుకారు చేత ఇచ్చినానని పలికించావని యూనియన్ ఆయన నిన్ను మెచ్చుకున్నాడు. నువ్వు ఇక్కడే పుట్టి ఉంటే యూనియన్‌కు సెక్రటరీవి అయ్యేదానివట.

అందరూ పడుకున్నాక మళ్ళీ చదువుకున్నాను. అమ్మ బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. ఆ తర్వాత జాబులో అమ్మ ఎక్కడా లేదు. నలభై రూపాయలతో మీ బావ తాడు కొన్న సంగతి రాశావు, అమ్మ ఏం కొనుక్కుందో రాయలేదు. మేము చెప్పాము అన్నావు, అందరమూ చెప్పాము అనలేదు. మిల్లు ఊడుస్తున్నది ఎవరు?

అమ్మ బతికే ఉంది గదా? ఆ ఒక్కటి ముందు రాయి.

మాల్యాద్రి


విడవలూరు,
6 మార్చి 1966.

తమ్ముడా,

బతికే ఉంది. భయపడకు. రాయకూడదనే అనుకున్నాను, నువ్వే పట్టుకున్నావు గనుక రాస్తున్నాను.

ఆఫీసరు చివరగా అమ్మను పిలిచాడు. అప్పటికి పదముగ్గురం అయ్యాము. మస్తానమ్మా, ఈ గింజలు షావుకారు ఇచ్చినవేనా అని అడిగాడు. అమ్మ, "ఇయ్యలేదు సామీ" అన్నది.

ఆమెకు వినబడలేదనుకొని ఆఫీసరు మళ్ళీ అడిగాడు, గట్టిగా, విడమరిచి, ఇచ్చినాడంటే నీ పని నీకుంటుంది, డబ్బు వస్తుంది అని కూడా చెప్పాడు. పాపం, అంతకన్నా ఏం చెప్పగలడు? నేను వెనక నుంచి చెయ్యి గిల్లి, అనమ్మా, ఒక్క మాట అనెయ్ అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. నేనెవరో తెలియనట్టు చూసింది.

"ముప్పై ఏండ్లు ఊడ్చినా సామీ. ఒక్కనాడు గూడా ఆయన చేత్తో ఒక్క గింజ నాకు ఇయ్యలేదు. నా చీపురుకు వచ్చినవి నేను తీసుకున్నా. చేసిన పనికి నాకు రావాల్సినవి. ఇచ్చినాడని ఎట్టా చెప్పేది?"

ప్లీడరు ఎగిరి లేచాడు. చూశారా, ఇవ్వకుండానే తీసుకున్నానని ఆమే ఒప్పుకుంది అన్నాడు. ఆఫీసరు తల పట్టుకున్నాడు. చివరికి ఆమె మాట ఆమె అన్నట్టే రాసుకున్నాడు. మేము పదముగ్గురం దొరలం అయ్యాము. అమ్మకు పనీ లేదు, డబ్బూ లేదు. ఆ కాగితాల్లో దొంగ మా అమ్మ ఒక్కతే.

తిరుగు బస్సులో ఆమెను తిట్టని తిట్టు లేదు. ముసలితనంలో మంకుపట్టు ఏమిటే, ఇచ్చినాడంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా అని అందరి ముందే అన్నాను. విన్నంతసేపు విన్నది. వంతెన దాటాక, "మల్లీ గాడు ఏం రాసినాడో నువ్వే గదా నాకు చదివింది" అన్నది. దయగా పెట్టేది కాదు అన్న ఆ ముక్క పద్నాలుగు మందిమీ విన్నాము. నలభై రూపాయలు అని విన్నవాళ్ళం పదముగ్గురం. ఆమె ఒక్కతే నువ్వు రాసింది విన్నది.

ఇప్పుడు ఊటుకూరు వైపు కలుపు తీయడానికి పోతోంది. కూలి తక్కువ. నడుము పట్టేస్తోంది, అయినా తెల్లారేసరికి బయలుదేరుతుంది.

బోనస్ ఇచ్చిన రోజు సంగతి కూడా రాసేస్తాను. షావుకారు స్వయంగా నిలబడి ఒక్కొక్కరి చేతిలో నోట్లు పెడుతూ, సంతోషమేనా అని అడిగాడు. మాలకొండమ్మ ఆయన కాళ్ళకు మొక్కింది. నా వంతు వచ్చింది. ఆఫీసరు ముందు లేచి నిలబడి అంత మాట అడిగిన దాన్ని నేనే గదా. నోట్లు చేతిలో పడ్డాయి. నాకు తెలియకుండానే నా రెండు చేతులూ జోడించుకున్నాయిరా.

ఇంటికొచ్చి డబ్బు అమ్మ ముందు పెట్టాను. ముట్టుకోలేదు. నా మొహం చూసి, "ఇచ్చినాడా, తీసుకున్నావా?" అని అడిగింది.

తీసుకున్నానని చెప్పాను.

వెంకటశేషమ్మ